పది నిమిషాలకే నీళ్ళు తేలిపోతున్న సలాడ్. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గిన్నెనిండా
విసుగొచ్చి రాస్తున్నా. వారంలో నాలుగు రాత్రులు మా ఇంట్లో పచ్చి కూరగాయల సలాడే. కీరా, ముల్లంగి, క్యారెట్, టమాటా, కాస్త ఉల్లిపాయ, పైన గుప్పెడు కొత్తిమీర, గుప్పెడు పుదీనా. ఉప్పు, నిమ్మరసం, చెంచాడు నూనె. కలిపిన వెంటనే తింటే బ్రహ్మాండం. కానీ అందరం ఒకేసారి కూర్చునే ఇల్లు కాదు మాది. రెండో మనిషి వచ్చేసరికి గిన్నె అడుగున అరగ్లాసు నీళ్ళు. కొత్తిమీరేమో పిండి ఆరేయడం మర్చిపోయిన గుడ్డలా ముద్దయిపోయి ఉంటుంది. నిన్న మా ఆయన గిన్నెలోకి తొంగిచూసి "ఇది తినాలా, తాగాలా?" అన్నాడు. హోటల్లో ఇచ్చే సలాడ్ అరగంట కబుర్లయ్యాక కూడా కరకరలాడుతూనే ఉంటుంది. వాళ్ళేమైనా మందు కలుపుతారా?

చాకుపదును
ఉప్పు ఎప్పుడు వేస్తున్నారు?

గిన్నెనిండా
తరగగానే. అప్పుడైతేనే ముక్కకి పడుతుందని.

చాకుపదును
దొంగ దొరికాడు. కేసు క్లోజ్.

బయాలజీ_బల్ల
అప్పుడే క్లోజ్ చేయకండి, ఇందులో దొంగలు ఇద్దరు ముగ్గురున్నారు. ముందు ఉప్పు సంగతి. కీరా బరువులో 95 శాతం దాకా నీళ్ళే, ముల్లంగి కూడా దాదాపు అంతే. ఆ నీళ్ళు కణాల లోపల బిగిసి ఉంటాయి, గాలి కొట్టిన సైకిల్ ట్యూబులాగా. పంటి కింద టప్పున విరిగే ఆ కరకర ఈ బిగువు వల్లే. పైన ఉప్పు చల్లగానే ముక్క బయట గాఢత పెరుగుతుంది, దాంతో లోపలి నీళ్ళు కణాల పొర దాటి బయటికి వచ్చేస్తాయి. బడిలో ద్రవాభిసరణం అని చదివి పరీక్ష అవగానే మర్చిపోయాం చూడండి, అదే. మీ గిన్నె అడుగున తేలిన అరగ్లాసు నీళ్ళు ఎక్కడి నుంచో రాలేదు. పది నిమిషాల ముందు వరకు మీ కరకర అదే.

రెండోగిన్నె
"మీ కరకర అదే" అన్న మాట చదివి మా ఫ్రిజ్‌లో ఉన్న కీరాకి సారీ చెప్పొచ్చాను.

ఉప్పుకల్లు
నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎలాగూ కారే నీళ్ళని ముందే కార్చేయాలి. కీరా, క్యాబేజీ సన్నగా తరిగి, అరకిలోకి ఒక చిన్న చెంచా ఉప్పు పట్టించి, చిల్లుల గిన్నెలో అరగంట వదిలేస్తాను. తర్వాత గుప్పిట్లోకి తీసుకుని పిండుతాను. ఇక గంట ఆగి తిన్నా గిన్నెలో పెద్దగా నీళ్ళుండవు. పదేళ్ళుగా ఇదే పద్ధతి.

చాకుపదును
నీళ్ళుండవు సరే. కరకర ఉంటుందా?

ఉప్పుకల్లు
ఉంటుంది, అది వేరే రకం. పచ్చి కీరా టప్పున విరుగుతుంది. పిండిన కీరా వంచితే వంగుతుంది కానీ నమిలితే కసక్ కసక్ మంటుంది. నాకు అదే ఇష్టం.

మూడుపూటలా
మా పాప దాన్ని రబ్బరు అంటుంది.

ఉప్పుకల్లు
పెద్దయ్యాక అర్థమవుతుంది లెండి.

బయాలజీ_బల్ల
ఉప్పుకల్లు గారి పద్ధతి తప్పేం కాదు, క్యాబేజీకైతే నేనూ అదే చేస్తాను. దాని కణాల గోడలు గట్టివి, నీళ్ళు కొంచెం పోయినా నమలడానికి ఏదో ఒకటి మిగులుతుంది. లెట్యూస్, కొత్తిమీర, పుదీనా లాంటి వాటికి మాత్రం ముందు ఉప్పు తగిలించకండి. వాటికి నీటి బిగువు తప్ప వేరే ఎముక లేదు.

తడిచెయ్యి
రెండో దొంగ దగ్గరికి వద్దాం. గిన్నెనిండా గారు, కొత్తిమీర కడిగాక ఎలా ఆరబెడుతున్నారు?

గిన్నెనిండా
దులుపుతాను. గట్టిగానే.

తడిచెయ్యి
అనుకున్నాను. నేనూ దులిపే బాపతే ఒకప్పుడు. ఒకరోజు అనుమానం వచ్చి వంటింటి తూకం మీద కడగకముందు ఒకసారి, కడిగి దులిపాక ఒకసారి పెట్టి చూశా. ఒక్క కట్టకే రెండు పెద్ద చెంచాల నీళ్ళ బరువు తేడా! ఆ నీళ్ళన్నీ నిమ్మరసంలో కలిసి దాన్ని చప్పగా చేస్తాయి. పైగా తడి ఆకుకి నూనె అంటదు, జారి అడుక్కి పోతుంది. అప్పుడు మనం రుచి సరిపోలేదని ఇంకో చిటికెడు ఉప్పు, ఇంకాస్త నిమ్మరసం. ఉప్పు పడితే మళ్ళీ నీళ్ళు.

నేను చేసేది ఇదీ: ఆకుల్ని చిల్లుల గిన్నెలో వంచి, మందపాటి పొడి గుడ్డ మీద ఒకే పొరగా పరిచి, చాప చుట్టినట్టు వదులుగా చుట్టి, ఆ చుట్టని అలాగే ఫ్రిజ్‌లో అరగంట పెడతాను. గుడ్డ తడి పీల్చుకుంటుంది, చల్లదనానికి ఆకు నిలబడుతుంది. తొందరగా ఉన్న రోజు దిండు గలీబులో వేసి మూతి పట్టుకుని బయట గిరగిర తిప్పుతాను. మూతి పట్టుకోవడం మర్చిపోయి గోడంతా కొత్తిమీర డిజైన్ వేసిన రోజు కూడా ఒకటుంది.

రెండోగిన్నె
వాషింగ్ మెషిన్‌లో స్పిన్ పెడితే సరిపోతుందిగా?

తడిచెయ్యి
అడిగారు కాబట్టి చెబుతున్నా. పెట్టాను. తర్వాత వారం రోజులు సాక్సుల్లో పుదీనా దొరికింది.

మూడుపూటలా
నాది ఇంకో దారి. ఆరబెట్టడానికి ముందు ఆకుల్నీ ముక్కల్నీ ఐసు నీళ్ళలో వేస్తాను. ఇందాక ద్రవాభిసరణం అన్నారు కదా, దాన్నే వెనక్కి తిప్పడం అన్నమాట. బయట మంచినీళ్ళు, లోపల లవణాలు, చక్కెరలు ఉన్న రసం. కాబట్టి నీళ్ళు లోపలికి పోతాయి. ఆకులకి 15 నుంచి 20 నిమిషాలు చాలు.

మొన్న ఫ్రిజ్ అడుగున మర్చిపోయిన క్యారెట్ ఒకటి దొరికింది. రెండు కొసలూ పట్టుకుని వంచితే విల్లులా వంగింది, విరగలేదు. పారేయబోయి, ఎందుకో రెండు కొసలూ కోసి, పొడవుగా నాలుగు ముక్కలు చీల్చి చల్లటి నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు మూడు గంటల తర్వాత ఒక ముక్క తీసి వంచితే టక్ మని విరిగి సగం స్టవ్ వెనక పడింది. అది ఇంకా అక్కడే ఉంది.

లెక్కలపురుగు
ఇదేం బాలేదు. నీళ్ళలో నానబెడితే విటమిన్లన్నీ నీళ్ళలోకే పోతాయి. సి విటమిన్, బి విటమిన్లు నీళ్ళలో కరిగేవే.

మూడుపూటలా
"అన్నీ" అంటే నేను ఒప్పుకోను. తరిగిన ముక్కలు గంటల తరబడి నానితే కొంత పోతుంది, నిజమే. ఆకుల్ని కాడలతో సహా నానబెట్టి, తర్వాత తరిగితే బయటపడే కోసిన భాగం తక్కువ. అందుకే నేను 20 నిమిషాల మీద ఒక్క నిమిషం ఉంచను. క్యారెట్ కథ ప్రాణాపాయంలో చేసిన ఆపరేషన్, రోజూ చేసేది కాదు.

లెక్కలపురుగు
సరే, ముందు నానబెట్టి తర్వాత తరగడం ఒప్పుకుంటాను. చాలామంది తరిగేసి నానబెడతారు, నా గొడవ వాళ్ళతో.

చాకుపదును
తరగడం మాట వచ్చింది కాబట్టి ఇక నన్ను ఆపకండి. కొత్తిమీర తరిగాక పలక వైపు ఒకసారి చూడండి. పలక మీద ఆకుపచ్చ మరక ఉందా? ఆ రుచి మీరు తినబోయేది కాదు, పలక తినేసింది. మొద్దు చాకు ఆకుని కోయదు, నలుపుతుంది. నలిగిన చోట కణాలు పగిలి రసం కారుతుంది. పుదీనాకైతే ఇంకో కష్టం, నలిగిన అంచుకి గాలి తగలగానే లోపలి ఎంజైమ్ పని మొదలుపెట్టి అంచులు నల్లబడతాయి. కాసేపట్లో ఆకు చుట్టూ కాటుక పెట్టినట్టు ఉంటుంది.

మా ఇంటికొచ్చిన ఒకాయన కొత్తిమీరని టక టక టక టక అని నాలుగు వైపుల నుంచి ముప్పై వేట్లు వేశాడు. చివరికి మిగిలింది తడి పొడి. ఆకులు పేర్చి, వదులుగా చుట్టి, చాకు ముందుకు జరుపుతూ ఒక్కసారి కోయండి, మళ్ళీ దాని మీదికి పోకండి. పుదీనా అయితే చేత్తో తుంచి వేయండి, చాకు అసలు వద్దు.

రెండోగిన్నె
ఆ వచ్చినాయన మళ్ళీ వచ్చాడా మీ ఇంటికి?

చాకుపదును
మా బావమరిదే. రాకుండా ఎక్కడికి పోతాడు.

పచ్చకాడ
కొత్తిమీర కాడలు పారేయకండి ఎవరూ. లేత కాడలో ఆకు కన్నా కరకర ఎక్కువ, రుచి కూడా గట్టిది. వేళ్ళ వైపు రెండు అంగుళాలు తీసేసి మిగతాది సన్నగా తరిగి కలిపేయొచ్చు. పుదీనా కాడ మాత్రం వద్దు, పీచు.

సబ్బుబాధితుడు
ఇందరు కొత్తిమీర భక్తుల మధ్య ఒంటరిగా అడుగుతున్నా. నాకు అది సబ్బు నమిలినట్టు ఉంటుంది. నాకే ఎందుకిలా?

బయాలజీ_బల్ల
మీరొక్కరే కాదు. కొత్తిమీర వాసనలో ఆల్డిహైడ్లు అనే పదార్థాలుంటాయి, సబ్బుల్లోనూ అలాంటివే ఉంటాయి. వాటిని పట్టుకునే వాసన గ్రాహకం ఒకటుంది, దాని జన్యువు పేరు ఓఆర్6ఏ2. కొందరిలో ఆ జన్యువు దగ్గర చిన్న తేడా ఉంటుంది, దానికీ ఈ సబ్బు రుచికీ సంబంధం కనిపించింది. మీ సలాడ్‌లో కొత్తిమీరలా కనిపించే పార్స్లీ ఆకు వేసుకోండి, లేదా ఉల్లికాడలు.

సబ్బుబాధితుడు
నలభై ఏళ్ళుగా "నీకు నాలుక లేదు" అంటున్న మా ఆవిడకి ఈ పోస్టు పంపిస్తున్నా.

గిన్నెనిండా
ఇన్ని జవాబులు ఊహించలేదు! నిన్న రాత్రి ప్రయత్నం రిపోర్టు. ఆకులు 20 నిమిషాలు ఐసు నీళ్ళలో వేశాను, నిజంగానే లేచి నిలబడ్డాయి, చూస్తేనే ముచ్చటేసింది. ఆ ఉత్సాహంలో తీసి దులిపి నేరుగా గిన్నెలో వేసేశా. ఉప్పు చివర్లోనే వేశాను. అయినా అడుగున నీళ్ళు, నూనె విడిగా తేలుతోంది.

తడిచెయ్యి
మళ్ళీ దులిపారు.

గిన్నెనిండా
అవును, చుట్టే గుడ్డ ఉతుకులో ఉంది. ఇంకోటి, మిగిలిన లెట్యూస్ చల్లగా ఉండాలని ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెట్టాను. పొద్దున చూస్తే గాజులా పారదర్శకంగా, ముదురు రంగులో, పట్టుకుంటే జారిపోతోంది. ఐసు నీళ్ళలో వేస్తే బతుకుతుందా?

బయాలజీ_బల్ల
ఇది బతకదు. వాడిపోవడం వేరు, గడ్డకట్టడం వేరు. వాడిన ఆకులో ట్యూబులో గాలి తగ్గిందంతే, మళ్ళీ కొట్టొచ్చు. గడ్డకట్టిన ఆకులో ట్యూబే చిరిగింది. మంచు స్ఫటికాలు కణాల పొరల్ని చీల్చేస్తాయి, ఇక లోపల నీళ్ళు నిలవవు. ఆకుల్ని వెనక గోడకి దూరంగా, కింది డబ్బాలో పెట్టండి. పక్కన ఆపిల్, అరటి లాంటివి ఉంచకండి, అవి విడిచే ఇథిలీన్ వాయువుకి ఆకులు త్వరగా పసుపెక్కుతాయి.

పచ్చకాడ
కట్టలు నిలవ ఉంచడం గురించి నాదొక మాట. కాడల కొసలు కొంచెం కోసి, గ్లాసులో రెండు అంగుళాల నీళ్ళు పోసి పూలగుత్తిలా నిలబెట్టి, పైన కవరు వదులుగా కప్పి ఫ్రిజ్‌లో పెడితే కొత్తిమీర వారం పైన ఉంటుంది. నీళ్ళు రెండు రోజులకోసారి మార్చాలి. తులసి జాతి ఆకు బేసిల్‌కి మాత్రం ఇది పనికిరాదు, దానికి ఫ్రిజ్ చలి పడదు, నల్లబడిపోతుంది. దాన్ని గ్లాసు నీళ్ళతో బయటే ఉంచండి, ఎండ తగలకుండా. ఇది తెలియక ఎన్ని కట్టలు తగలేశానో.

నూనెబొట్టు
ఇంతవరకు నూనె జోలికి ఎవరూ పోలేదేంటి? మూడో దొంగ అదే. ఆకులని వాడగొట్టేది నిమ్మరసం అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకుని మూడు ప్లేట్లలో లెట్యూస్ ఆకులు పెట్టి, ఒకదాని మీద నీళ్ళు, ఒకదాని మీద వెనిగర్, ఒకదాని మీద నూనె చల్లి చూశాను. అరగంటకి ముందుగా మచ్చలుపడి చతికిలబడింది నూనె ప్లేటే. ఆకు పైన సన్నటి మైనపు పొర ఉంటుంది. దాని మీద నీళ్ళు, వెనిగర్ బొట్లుగా నిలబడతాయి. నూనె మాత్రం ఆ పొర గుండా లోపలికి దిగిపోతుంది.

లెక్కలపురుగు
అయితే నూనె మానేస్తే పోలా?

నూనెబొట్టు
పోదు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, ఆకుల్లోని కె విటమిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. విటమిన్ల మీద అంత ప్రేమ ఉన్నవారు మీరే ఇలా అంటే ఎలా. మానేయడం కాదు, విడిగా పోయకండి. మూత గట్టిగా ఉన్న సీసాలో మూడు పాళ్ళు నూనె, ఒక పాలు నిమ్మరసం లేదా వెనిగర్, చిటికెడు ఉప్పు, అర చెంచా ఆవ ముద్ద వేసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపండి. ఆవ ముద్ద రెండింటినీ విడిపోనివ్వదు. నూనె చిన్న చిన్న బొట్లుగా పులుపులో చిక్కుకుని ఉంటుంది కాబట్టి ఆకుకి నేరుగా అంత తగలదు. పులుపు ఎక్కువ కావాలంటే రెండు పాళ్ళకి ఒకటి, నాకు అదే నచ్చుతుంది.

ఇంత చేసినా కలపాల్సింది మాత్రం తినే ముందే. నిమ్మరసం చాలాసేపు పడి ఉంటే ఆకుపచ్చ రంగు కూడా మాసిపోతుంది.

గిన్నెనిండా
అక్కడే నా సమస్య. తినేవాళ్ళు నలుగురు, నాలుగు టైములు.

తడిచెయ్యి
అయితే కలపకండి. క్యారెట్, ముల్లంగి ముక్కలు ఒక డబ్బాలో, ఆకులు గుడ్డచుట్టలో, పులుపు సీసాలో. ఎవరొస్తే వాళ్ళు ప్లేట్లో వేసుకుని సీసా ఊపి పోసుకుంటారు.

గిన్నెనిండా
ఊపి పోసుకుంటారా! మా ఇంట్లో వాళ్ళా!

మూడుపూటలా
నేను ఆఫీసుకి పట్టుకెళ్ళేది ఇలా: డబ్బా అడుగున సీసాలోది పోసి, దాని మీద క్యారెట్, ముల్లంగి లాంటి గట్టి ముక్కలు, పైన కీరా, అన్నిటికన్నా పైన ఆకులు. మూత పెట్టి కదపకుండా ఉంచితే మధ్యాహ్నం దాకా ఆకులకి పులుపు అంటదు. తినేటప్పుడు తలకిందులు చేసి రెండు ఊపులు. మనిషికొక డబ్బా కట్టి పెట్టేయండి.

ఉల్లికన్నీళ్ళు
ఉల్లిపాయ గురించి ఒక్కటే. కోసినప్పుడే ఘాటు పుడుతుంది, కణాలు పగిలి ఎంజైమ్ బయటికొచ్చి గంధకం ఉన్న పదార్థాలని మారుస్తుంది. పల్చగా తరిగి చల్లటి నీళ్ళలో పది నిమిషాలు వేసి, ఆ నీళ్ళు పారబోయండి. ఘాటు తగ్గుతుంది, ముక్క బిగుస్తుంది. ముల్లంగి ఘాటు తొక్క దగ్గరే ఎక్కువ, వద్దనుకుంటే చెక్కేయండి.

జాగ్రత్తరాయుడు
రుచి గోలలో అసలు సంగతి మర్చిపోతున్నారు. ఇది పొయ్యి ఎక్కని తిండి. ఆకుల్ని కారే నీళ్ళ కింద కడగండి, కాడల మొదళ్ళలో మట్టి ఉంటుంది కాబట్టి కట్ట విప్పి కడగండి. సబ్బు వాడొద్దు. వెనిగర్ నీళ్ళలో ముంచినంత మాత్రాన సూక్ష్మజీవులన్నీ చావవు, తగ్గుతాయంతే. మాంసం కోసిన పలక మీద ఇవి తరగొద్దు. తరిగిన సలాడ్ రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు, ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. గర్భంతో ఉన్నవాళ్ళు పచ్చి మొలకలు వేసుకోకపోవడమే మంచిది.

రెండోగిన్నె
రాయుడు గారు వచ్చారంటే సలాడ్ కూడా హెల్మెట్ పెట్టుకోవాలి.

జాగ్రత్తరాయుడు
నవ్వండి. మా నాన్నగారికి రక్తం పలచబడే మాత్ర, వార్ఫరిన్, ఇచ్చారు. ఆయనకి హఠాత్తుగా ఆకుల మీద ప్రేమ పుట్టి రోజూ పెద్ద గిన్నెడు తినడం మొదలుపెట్టారు. తర్వాతి రక్తపరీక్షలో లెక్క తేడా కొట్టింది. ఆకుల్లో కె విటమిన్ ఎక్కువ, అది ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది. డాక్టరు మానేయమనలేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదు తినమన్నారు.

లెక్కలపురుగు
ఇది మంచి మాట. మా ఇంట్లోనూ ఒకరున్నారు, చెప్తాను.

చాకుపదును
ఇంతకీ టమాటా సంగతి ఎవరూ తేల్చలేదు. ఆ అరగ్లాసు నీళ్ళలో పావుగ్లాసు టమాటాదే అని నా అభిప్రాయం. సలాడ్ నుంచి దాన్ని బహిష్కరించాలి.

ఉప్పుకల్లు
అన్యాయం. గింజల చుట్టూ ఉండే జిగురు తీసేసి కండ మాత్రం వేయొచ్చు.

పచ్చకాడ
ఆ జిగురులోనే కదా రుచంతా! తీసేశాక మిగిలేది ఎర్ర తోలు.

ఉప్పుకల్లు
జిగురు పారేయమనలేదు. సీసాలో వేసి నిమ్మరసంతో పాటు ఊపేయండి.

నూనెబొట్టు
ఇది నాకు తట్టలేదు. ఇవాళే చేస్తా.

గిన్నెనిండా
రెండో రిపోర్టు. ఆకులు 20 నిమిషాలు ఐసు నీళ్ళలో, తర్వాత గుడ్డచుట్టలో అరగంట. ఈసారి ఉతికిన గుడ్డ ముందే తీసి పెట్టుకున్నా. కీరా మధ్యలో గింజల భాగం చెంచాతో గీకేసి అర్ధచంద్రాలుగా కోశా. ఉల్లిపాయ నీళ్ళలో వేసి తీశా. పుదీనా చేత్తోనే తుంచా. నాలుగు డబ్బాలు కట్టాను, అడుగున సీసాలోది. ఆవ ముద్ద కాస్త ఎక్కువైంది, ముక్కుకెక్కింది, అది నా తప్పే.

మొదటి డబ్బా ఏడున్నరకి, చివరిది తొమ్మిదింపావుకి తెరిచాం. చివరి దాంట్లో కీరా కొంచెం మెత్తబడింది, ఆకులు మాత్రం పొడిగా నిలబడే ఉన్నాయి. మా ఆయన ఏమీ అనలేదు. నమిలే చప్పుడుకి వార్తలు వినపడక టీవీ సౌండు పెంచుకున్నాడు.

చాకుపదును
టమాటా?

గిన్నెనిండా
పక్కన ప్లేట్లో విడిగా కూర్చోబెట్టాను. ఉప్పుకల్లు గారు, మీ జిగురు ఐడియా రేపు.